కరపత్రంలో కరిగిన రాళ్ళు

గోవింద్‌పూర్, నవంబరు 3

అగ్రికో క్వార్టర్సులో సుఖంగా ఉన్న బావమరిది పైడిబాబుకు, బావ నీలకంఠం కోపంగానే దీవించి రాసేది.

ఆదివారం ఫోన్లో మనం అరుచుకున్నది విని మీ అక్క దాలమ్మ నా ఫోను లాక్కుంది. "ఇకమీదట మీరిద్దరూ ఏటనుకున్నా కాగితం మీదే అనుకోండి. రాసినప్పుడైనా సిగ్గేత్తాది" అంది. మీ ఆవిడ రోహిణి మా వీధి బడిలోనే టీచరు కాబట్టి ఉత్తరాల మోత ఆమెది.

విషయానికి వస్తాను. ఈ ఏడు హెల్త్ ఇన్సూరెన్సు కట్టను. ఇరవై ఆరు వేలు. రోగం రాకపోతే ఆ డబ్బు పోయినట్టే. వస్తే మాత్రం? నాతో పనిచేసిన మన అసిరయ్య ఆసుపత్రి మంచం మీద ఉండగా, ఫారంలో ఏదో నింపలేదని ఇన్సూరెన్సువాళ్ళు పైసా ఇవ్వలేదు. ఆ రోజు బిల్లు కౌంటరు దగ్గర వాడి పక్కన నిలబడ్డవాణ్ణి నేనే. వాడి మొహం నాకింకా గుర్తే. అదే డబ్బుకు ఏడాది పొడవునా మునగాకు పొడి, తిప్పతీగ చూర్ణం వస్తాయి. అవి కనీసం కడుపులోకి వెళ్తాయి. నీకేం, స్టీల్ కంపెనీవాడివి, కంపెనీ ఆసుపత్రి ఉంది. ట్రక్కుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీగా చేసిన నాకు ఈ పొడులే దిక్కు.

ఇట్లు,
నీ మంచి కోరే బావ,
నీలకంఠం

తా.క.: కరపత్రం ఒకటి పెట్టాను. పొడుల కంపెనీవాళ్ళు మా ఇద్దరి ఫోటో వేసి, "దాలమ్మగారికి ఆరేళ్ళుగా పిత్తాశయంలో రాళ్ళు, మూడు డబ్బాలతో కరిగిపోయాయి" అని అచ్చేశారు. మీ అక్కకు రాళ్ళెప్పుడూ లేవనుకో. రోగం లేనివాళ్ళకు అంత పెద్ద ఫోటో వేయరట.


అగ్రికో, నవంబరు 6

పూజ్యులైన బావగారికి, పైడిబాబు నమస్కరించి, ఇంతకుముందే రెండు కాగితాలు చింపేసి రాసేది.

మీరు ఏం తాగినా నాకు అభ్యంతరం లేదు. నా భయం అక్క గురించి. మొన్న మా ఇంట్లో రెండు పూరీలు తిని కుడి డొక్క పట్టుకుని కూర్చుంది. ఏటయిందక్కా అంటే "గ్యాసురా" అంది. గ్యాసుకు మనిషి అంత చెమట పట్టదు. ఆమెకేమన్నా అయితే నేను తట్టుకోలేను. పాలసీ గడువు పదిహేనో తారీకు. మీకు ఇష్టం లేకపోతే నేను కడతాను. పాలసీ మాత్రం పోనివ్వకండి.

నన్ను చూడండి. సుగరు ఉన్నా డాక్టరు మాత్ర, పొద్దుటి నడక, అంతే. పొడులు నా ఇంటి గడప తొక్కలేదు.

తమ మాట కాదన్నందుకు క్షమాపణతో,
పైడిబాబు

తా.క.: నెల రోజులుగా మా ఇంట్లో రొట్టెలు చేదుగా ఉంటున్నాయి. పిండిమర మార్చానంటోంది రోహిణి. మీ వీధి నుంచి వచ్చేటప్పుడు ఆమె సంచి కూడా బరువుగా ఉంటోంది. పరీక్ష పేపర్లట.


గోవింద్‌పూర్, నవంబరు 17

పైడిబాబుకు, నీలకంఠం దీవెనలు ఈసారికి ఆపుకుని రాసేది.

నా పెళ్ళానికి నీ డబ్బుతో పాలసీ కాగితం కొంటావా? ఆమెకు మొగుడు లేడనుకున్నావా? పొడుల కంపెనీలో నేను చేర్పించిన సభ్యులు నా కింద ముప్ఫై ఎనిమిదిమంది ఉన్నారు. వాళ్ళంతా నా మాట మీద పొడి తాగుతున్నారు. నువ్వొక్కడివే నన్ను పిచ్చివాణ్ణి చేస్తావు. గడువు దాటింది, నేను కట్టలేదు. పీడ విరగడైంది.

ఇంతకన్నా రాయడం ఇష్టం లేని,
నీలకంఠం

తా.క.: పొద్దున మీ అక్క మళ్ళీ డొక్కలో నొప్పి అంది. రెండు చెంచాలు ఎక్కువ వేసిచ్చాను. గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి తాగి వచ్చింది. నా ముందు తాగడానికి సిగ్గట.


ఆసుపత్రి కింది అంతస్తు, బిల్లు కౌంటరు
నవంబరు 21, ఉదయం పది

పైన వార్డులో ఉన్న బావగారికి, కింద లైన్లో నిలబడి పైడిబాబు రాసేది.

మనం ఇక్కడ గొంతెత్తితే ఆపరేషనే వద్దంటానని అక్క మంచం మీద నుంచి చెప్పింది కనుక, ఇది కూడా రోహిణి చేతే పంపుతున్నాను. రాళ్ళు పెద్దవి, పిత్తాశయం వాచింది, రేపు ఉదయానికల్లా తీసేయాలి అన్నారు డాక్టరు. బిల్లు లక్షా ఎనభై వేలు దాకా.

పాలసీ పోయిందనుకుంటూనే దాని నంబరు చెప్పాను. పద్నాలుగో తారీకునే డబ్బు కట్టేసి ఉంది. బావగారూ, పైకి ఎన్ని అన్నా మీరు కట్టేశారు. మిమ్మల్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

కళ్ళు తుడుచుకుంటూ,
పైడిబాబు

తా.క.: ఇన్సూరెన్సు వాళ్ళ అనుమతి సాయంత్రానికి వస్తుందట. ఈలోపు ఎవరైనా ఏమన్నా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.


రెండో అంతస్తు, వార్డు, పదకొండున్నర

పైడిబాబుకు, బావ దీవించి రాసేది.

కట్టింది నేను కాదు. నువ్వే కట్టి నాకు అంటగడుతున్నావు. సరే, దెబ్బలాటకు ఇది వేళ కాదు.

ఇప్పుడే ఒక పెద్దమనిషి వచ్చాడు. మెడలో కార్డు, చంకలో ఫైలు. "ఆంటీజీ కో కబ్ సే హై?" అంటూ ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎంత ఆప్యాయంగా అడిగాడో. కరపత్రం ఇచ్చాను. "ఛే సాల్ సే?" అని రెండుసార్లు అడిగాడు. పూరే ఛే సాల్, నిండా ఆరేళ్ళు అన్నాను. కరిగాయి కదా, మళ్ళీ ఎలా వచ్చాయి అంటే, ఇవి కొత్త రాళ్ళన్నాను. అన్నీ రాసుకున్నాడు. పొడుల విలువ మనవాళ్ళకన్నా పరాయివాళ్ళకే తెలుసు.

కొంచెం ధైర్యం వచ్చిన,
నీలకంఠం

తా.క.: ఇంకో కరపత్రం అడిగి మరీ తీసుకున్నాడు. నా కింద ముప్ఫై తొమ్మిదోవాడు అవుతాడనుకుంటున్నా.


కౌంటరు, ఒంటిగంట

బావగారికి.

మీరు కరపత్రం ఇచ్చినాయన ఇన్సూరెన్సు విచారణ అధికారి. మనం పాలసీ తీసుకుని మూడేళ్ళు. ఆరేళ్ళ రోగం దాచి తీసుకున్నామని అనుమతి ఆపేశారు.

ఒకటే దారి చెప్పాడు. కరపత్రంలోది పచ్చి అబద్ధమని మీ చేత్తో రాసి, సంతకం పెట్టి, ఐదు లోపల ఇవ్వాలి. మీ ముప్ఫై ఎనిమిదిమందికీ అది తెలిసిపోతుందని నాకు తెలుసు. మీ మాట పోతుందనీ తెలుసు. నాకు రెండింటికి బి షిఫ్టు, ఫర్నేసు దగ్గర సెలవు లేదు, ఫోను లోపలికి పోనివ్వరు. అక్క మీ చేతుల్లో ఉంది.

పైడిబాబు

తా.క.: దయచేసి ఆయన్ని సభ్యుడిగా చేర్చుకోవద్దు.


వార్డు, నవంబరు 23

చిరంజీవి పైడిబాబుకు, బావ నీలకంఠం మనసారా దీవించి రాసేది.

మొన్న నీ ఉత్తరం చదివాక గంటసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. నాకు అసిరయ్య మొహమే కనిపించింది. వాణ్ణి ముంచింది నింపని ఫారం. మీ అక్కను ముంచబోయింది నేను. ముప్ఫై ఎనిమిదిమంది ఏమనుకుంటే నాకేం అని రాసి ఇచ్చేశాను. కానీ ఆయన నమ్మలేదు. "సుబహ్ సచ్, అబ్ ఝూట్?" అన్నాడు, పొద్దున నిజమైంది ఇప్పుడు అబద్ధమైందా అని. అప్పటికి నాలుగు దాటింది.

మీ అక్క మంచం మీద నుంచే అంది: "నానెప్పుడూ ఆ పొడి తాగనేదు బాబూ. మా ఇంటికెళ్ళి మంచం కింద సూడండి." రోహిణి ఆటోలో వెళ్ళి నాలుగూ యాభైకల్లా పదకొండు డబ్బాలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఒక్కదానికీ సీలు విప్పలేదు. నేను విప్పి ఇచ్చినదంతా పెరట్లో కరివేపాకు మొక్క తాగిందట. ఆయన డబ్బాలు చూశాడు, నన్ను చూశాడు, పొడే తాగనప్పుడు కరపత్రమూ అబద్ధమేనని నవ్వు ఆపుకుంటూ ఫైలు మీద సంతకం పెట్టాడు.

ఆపరేషను అయిపోయింది. మీ అక్క గంజి తాగుతోంది. నేను చాలా భయపడ్డానురా. ఇకనుంచి పొడులు కొనను, మానేశాను.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్న నీ బావ,
నీలకంఠం

తా.క.: ప్రీమియం నువ్వే కట్టావని తెలుసు. ఎంతో చెప్పు, ఇచ్చేస్తాను.

(దాలమ్మ రాత)

తమ్ముడూ, మీ బావ కవరంటించమని నాకిచ్చి టీకెళ్ళినారు. ప్రీమియం నువ్వూ కట్టనేదు, ఆయనా కట్టనేదు. ఆయన తెచ్చిన డబ్బాలు సీలు తియ్యకుండా అమ్మీసి ఈ ఏడు నానే కట్టినాను. వాటిల్లో ఎక్కువ కొన్నది మీ రోహిణే. నీ సుగరుకని రొట్టెల పిండిలో కలుపుతోంది, దాన్నేటీ అనకు. మీ బావ పొడులు మానేత్తానని రాసినారు గదా, నువ్వెలాగైనా నచ్చజెప్పి మాననీకు. ఆయన కొనడం మానేత్తే వచ్చే ఏడు ఇన్సూరెన్సు దేంతో కట్టమంతావు?