ఒగ్దో అత్త కిటికీ

సెప్టెంబర్ 21

ఛీ. సబ్బేసి మూడుసార్లు కడిగాను. చేతుల వాసన పోలేదు. ఇప్పుడు పెన్నుకీ అంటింది.

పొద్దుట్నుంచీ ఆవుల కొట్టానికి పేడ మెత్తడమే. నాలుగు గోడలకీ, బయటవైపు, బెత్తెడు మందాన. గ్లవ్స్ వేసుకుంటానంటే ఒగ్దో అత్త ఒప్పుకోదు. అరచేత్తో నొక్కితేనే దుంగల సందుల్లోకి దిగుతుందట. గ్లవ్స్‌తో మెత్తింది జనవరిలో పెచ్చులు పెచ్చులుగా ఊడి, ఆవులు చలికి నిలబడ్డచోటే కర్రల్లా బిగుసుకుపోతాయట. అప్పుడు పాలు నీ గ్లవ్స్ పిండుకుని తాగుదాంలేరా అంది.

ఆవిడకేం, మంచం మీంచి చెబుతుంది. ఆగస్టులో గడ్డివామి మీంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. కొత్త సంవత్సరం దాకా లేవకూడదు. మంచం కిటికీ పక్కకి లాగించుకుంది. అక్కణ్ణుంచి మా పెరడు, కొట్టం, వీధి, ఆ చివర నది, అన్నీ కనిపిస్తాయి. చేతిలో ఓ కర్ర. నేను నడుం ఎత్తితే చాలు, అద్దం మీద టక్ టక్.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఈవిడే. కాదనను. కానీ ఆ టక్ టక్ వింటే పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

సెప్టెంబర్ 24

ఇవాళా పేడే.

సెప్టెంబర్ 29

ట్రక్ నడిపే కేశ కలిశాడు. నది గడ్డకట్టి మంచు మీద దారి తెరవగానే మొదటి ట్రిప్‌లో నన్ను యాకుత్స్క్ పట్నం తీసుకెళ్తాడట. వాళ్ళన్న గ్యారేజీలో పని, పైన పడుకోడానికి గది. తొమ్మిదో క్లాసులో బడి మానేసిన మొహానికి ఇంతకన్నా ఎవడిస్తాడురా, మొదటి ట్రక్కులో రాకపోతే ఆ చోటు ఇంకెవడికో పోతుంది అన్నాడు.

అత్తకి చెప్పాను. వీధిలోకి చూస్తూ, ఇల్లు చలికి సిద్ధం చెయ్, తర్వాత ఎక్కడికైనా తగలడు, నీళ్ళూ కట్టెలూ పక్కింటి న్యుకులాయ్ తాత కూతురు చూస్తుందిలే అంది.

అక్టోబర్ 6

ఇంటి చుట్టూ గోడ మొదట్లో మట్టి కట్ట పోశాను, మోకాలెత్తు. పాత మట్టి లాగుతుంటే కుళ్ళిన ఎలుకల గూడు బయటపడింది. అన్నం తినలేకపోయాను. అత్త మాత్రం నా చేప కూడా తనే తినేసింది.

అక్టోబర్ 11

కిటికీలు మాత్రమే మిగిలాయి. లోపలి చట్రం బిగించాలి, రెండు అద్దాల మధ్య అడుగున తేమ పీల్చే అడవి నాచు పరవాలి, సందులకి కాగితం ముక్కలు పిండి జిగురుతో అంటించాలి. ఇంక వేసవి దాకా తెరవరు.

బయట వాన, అందులో మంచు. ఇవాళ వద్దు, తేమ లోపల ఉండిపోతుంది, పొడి చలి వచ్చేదాకా ఆగు, నాచు చేత్తో నలిపితే కరకరలాడాలి అంది అత్త. తర్వాత నొప్పి బిళ్ళ వేసుకుని నిద్రపోయింది.

ఆగడం నా వల్ల కాలేదు. సంచిలో నాచు తడిగానే ఉంది. పిండితే నీళ్ళు కారాయి. అదే పెట్టి అంటించేశాను.

లేచి, నాచు ఎండిందా అంది. ఎండింది అన్నాను.

నవంబర్ 9

మైనస్ ముప్పై ఎనిమిది. పొద్దున లేచేసరికి అత్త కిటికీ తెల్లగా ఉంది. మంచు రెండు అద్దాల మధ్య, వేలెడు మందాన. గోకడానికి లేదు. ఆవిడ చూసి, చేతిలో కర్ర మంచం కింద పెట్టేసింది.

నిజం రాస్తున్నాను. నాకు హాయిగా అనిపించింది. కట్టెలు కొడతానని వెళ్ళి కొట్టం వెనక అరగంట సిగరెట్ కాల్చాను. టక్ టక్ లేదు.

నవంబర్ 12

న్యుకులాయ్ తాత వీధిలో ఆపాడు. ఏరా ఎర్చిమ్, మీ ఇంటి కంటికి పొర కమ్మిందేంట్రా, ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నావా యాకుత్స్క్ అన్నాడు. పక్కన ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. తెల్లబడ్డ కిటికీ చూస్తే చాలు, ఆ ఇంట్లో బద్ధకస్తుడున్నాడని ఊరికి తెలిసిపోతుంది.

నవంబర్ 15

అత్త ఇప్పుడు చెవులతో చూస్తోంది. మంచు మీద అడుగుల చప్పుడు వినబడితే, ఆ వెళ్ళేది పోస్టావిడేనా అంటుంది. బయటికెళ్ళి చూస్తే కుక్క.

ఎవరితో ఎవరికి గొడవ, ఎవడు తాగి ఎవరి గేటు గుద్దాడు, రోజూ చెప్పేది. ఇప్పుడు చెప్పడానికేం లేదు. గోడవైపు తిరిగి తింటోంది. ఎంత చెప్పినా గిన్నెలో సగం మిగులుస్తోంది.

ఆ గిన్నె కడుగుతుంటే నామీద నాకే అసహ్యం వేసింది. పేడే నయం. కడిగితే ఎప్పటికైనా పోతుంది.

నవంబర్ 17

చెప్పేశాను. నాచు తడిదని.

నాకు తెలుసురా అంది. తడి నాచు కంపు కొడుతుంది, విరిగింది కాలు, ముక్కు కాదు అంది. మరి అప్పుడే ఎందుకు తిట్టలేదు అన్నాను. పోయేవాడితో గొడవెందుకులే అనుకున్నాను అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

నవంబర్ 20

కొత్త నాచు పొయ్యి మీద దండెం కట్టి ఆరబెట్టాను. ఇల్లంతా బురదగుంట వాసన. టీలో పురుగులు రాలుతున్నాయి. బయట మైనస్ నలభై ఆరు. చట్రం ఊడదీస్తే గది గడ్డకట్టుకుపోతుంది. చలి మైనస్ ముప్పై దాటని రోజు ఒక్కటి దొరికితే చాలు.

నవంబర్ 26

మంచు దారి తెరిచారు. శనివారం తొమ్మిదింటికి రెడీగా ఉండమన్నాడు కేశ. బ్యాగ్ సర్దాను.

నవంబర్ 28, శనివారం, ఉదయం ఆరు

మైనస్ ఇరవై ఏడు. గాలి లేదు. దీని మొహం మండ, ఇవాళే తగ్గాలా ఈ చలి!

అదే రోజు, సాయంత్రం

అత్తని దుప్పట్లో చుట్టి, మంచంతో సహా వంటగదిలోకి ఈడ్చాను. దారంతా బూతులు. నేనేం ఆవుని కాదురా అంది. తలుపు మూసి కంబళి వేలాడదీశాను. చట్రం ఊడదీశాను. పాత నాచు నల్లగా, చచ్చిన పిల్లిలా గడ్డకట్టి ఉంది. అది కరిగి మోచేతుల దాకా కారింది. కత్తితో మంచు గీకాను, నీళ్ళైతే గడ్డకడతాయని అద్దాలు వోడ్కాతో తుడిచాను. పొడి నాచు పరిచాను. అవతల అత్త అట్టు ముక్క తుంచి పొయ్యిలో నిప్పుకి పెట్టి, వీడి చేతులకి కాస్త బుద్ధి ఇవ్వు తండ్రీ అని మొక్కుతోంది.

కాగితాలు అంటిస్తుంటే హారన్ మోగింది. మూడుసార్లు. కేశ లోపలికే వచ్చాడు. దీనికోసమా, ఒరేయ్ గాడిదా, కిటికీ కోసమా మానేస్తున్నావు అన్నాడు. ఇంకో గంట ఆగరా అన్నాను. మంచు ఆగినా సరుకు ఆగదు అన్నాడు. చెయ్యి కలపబోయాడు. నా రెండు చేతులకీ జిగురు. భుజం మీద ఒకటి చరిచి వెళ్ళిపోయాడు.

ఆఖరి కాగితం అంటించి, అత్తని మళ్ళీ కిటికీ దగ్గరికి లాగాను. అద్దం నీళ్ళలా ఉంది. ఊరి చివర డీజిల్ పోయించుకుని కేశ ట్రక్ అప్పుడే నది మీదకి దిగుతోంది. అవతలి ఒడ్డు మలుపు దాకా ఇద్దరం చూశాం.

వాడి వెనక టైరులో గాలి తక్కువుందిరా అంది అత్త.

నవంబర్ 30

మైనస్ యాభై. తాగునీళ్ళకి ఐస్ కోయాలని గేటు దాకా వెళ్ళాను. వెనక నుంచి టక్ టక్ టక్. ఛీ, ఇప్పుడేంటి అని తిరిగాను.

కర్రతో తన తల చూపిస్తోంది. నేను టోపీ పెట్టుకోలేదు.