చిట్టి బరువు

రేపల్లె

అక్కయ్యకు,

ఫోనులో నీకు ఎదురు చెప్పలేను. అందుకే కాగితం తీశాను.

"ఆ ఒక్క అంకె రాసేయవే" అన్నావు. బరువు తక్కువ పిల్లలు ఒక్కరూ లేరని తేలితే మా అంగన్‌వాడీలన్నిటికీ ప్రోత్సాహకం వస్తుంది, సూపర్‌వైజరుగా నీ కూతురు క్రిస్టినాకి పేరొస్తుంది. అడ్డున్నది నా కేంద్రంలో చిట్టి ఒక్కతే. మూడేళ్లు నిండాయి, తొమ్మిది కిలోలుంది. తూకం రోజు కేంద్రానికొచ్చి, పదకొండు వెయ్యమంది క్రిస్టినా. వేస్తే చిట్టికి ఇచ్చే అదనపు గుడ్డు, పాలు ఆగిపోతాయి.

అక్కడే ఉన్న చిట్టి నాయనమ్మ సుబ్బరత్నం చేపలమ్ముతుంది. పిల్లని చంకనెత్తుకుని, "తొమ్మిదికి పైన పిసరు లేదు టీచరుగారూ. రెండు కిలోలు ఎక్కువ చెబితే నా దగ్గర చేపలు కొనేవాళ్లే ఊరుకోరండి" అంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మొన్న ఆదివారం చర్చిలో చాలాసేపు మోకరించాను. లేచి వచ్చి తొమ్మిదే రాశాను. ఉద్యోగం తీసేస్తామన్నా వచ్చే నెల కూడా తూకం ఎంత చూపిస్తే అంతే రాస్తాను.

ఆ అంకె మార్పించడానికి వచ్చే సోమవారం క్రిస్టినా వస్తోంది. చిట్టిని తన చేతుల్లో పెట్టి, అప్పుడు అంకె చెప్పమంటాను. ఈ కాగితం నీ బైబిల్లో దాచు, దానికి చూపించకు. ముందే తెలిస్తే పిల్లని ఎత్తుకోదు.

నీ చెల్లి