లోరింగ్ కచేరీ పుస్తకాలు

లోరింగ్, కాన్సాస్
1888 ఏప్రిల్ 12, గురువారం

అమ్మకు రొవీనా నమస్కారాలు.

నేను, జోతమ్, పిల్లలిద్దరూ బాగున్నాం. ఓహయోలో నువ్వూ పెద్దమ్మా బాగున్నారని తలుస్తున్నాను. నీ ఉత్తరం అంది పది రోజులైంది. లైమన్ ఎందుకు రాయడం లేదని అందులో మూడుసార్లు అడిగావు. చెప్తాను. ఎప్పటిలా చివరి పేజీ ముందు తిప్పకుండా, కూర్చుని వరసగా చదువు.

మట్టిపెళ్ళల ఇల్లు కారుతోందా అన్నావు. వాన పడితేగా కారడానికి. గోధుమ జానెడు కూడా లేవలేదు. చిన్నది మొన్న గుమ్మంలో పామును చీపురుకర్రతో చావబాదింది, అచ్చం నీ పోలికే.

అక్కడి జనం ఎలాంటివాళ్ళని అడిగావు. అమ్మా, ఇక్కడివాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు. ముందునుంచీ ఉన్న ఆదివాసీ తెగలను సైన్యం తరిమేసింది. మేమంతా ఎక్కడెక్కడినుంచో వచ్చి పడ్డవాళ్ళం. కొత్త మనిషి కనిపిస్తే ముందు అడిగేది, మీది లోరింగా బెల్మారా అని. రెండు ఊళ్ళకీ మధ్య ఎనిమిది మైళ్ళు. భూముల దస్తావేజు పుస్తకాలు ఏ ఊరి కచేరీలో ఉంటే ఆ ఊరే జిల్లా కేంద్రం. రైలూ అక్కడికే వస్తుంది, రెండో ఊరు ఎండి చస్తుంది. ఓట్లు పెడితే రెండు ఊళ్ళలోనూ మనుషులకంటే ఓట్లే ఎక్కువ పడ్డాయి. అప్పటినుంచి ఆ పుస్తకాలు ఒకళ్ళ దగ్గర్నించి ఒకళ్ళు ఎత్తుకుపోవడమే పని. పోయినేడు ఆ గొడవలో ఒకడి చెవి తెగింది. మేం లోరింగ్ వాళ్ళం, లైమన్ బెల్మార్ వాడు. ఇదంతా నీకు రాయకుండా, అక్కాతమ్ముళ్ళం పక్కపక్కనే ఉన్నామని మాత్రం రాస్తూ వచ్చాను.

పోయిన నెల పదమూడున లైమన్ మా ఇంటికొచ్చాడు. మొక్కజొన్న రొట్టె తింటూ, "అక్కా, శుక్రవారం నువ్వు ఊళ్ళోకి రాకు. బావని కూడా పొలంలోనే ఉంచు" అన్నాడు.

"ఎందుకురా?"

"పుస్తకాలు తెచ్చేసుకుంటాం. మధ్యాహ్నం అందరూ దుక్కిలో ఉంటారుగా. ఎవడి ఒంటిమీదా గీత పడదు. నీకు చెప్పానని తెలిస్తే మావాళ్ళు నా తోలు ఒలుస్తారు."

"లుసిండాకి చెప్పావా?"

"పెళ్ళానికి చెప్తే ఏడుస్తుంది. నువ్వైతే తిట్టి ఊరుకుంటావు."

తిట్టాను. ఇంకో రొట్టె పెట్టాను.

శుక్రవారం ఎనిమిదిమంది గడ్డిబండిలో వచ్చారు. మావాళ్ళు పదకొండుమంది కచేరీ ఎదురుగా, దాణా కొట్టు బస్తాల వెనక తుపాకులతో కూర్చుని ఉన్నారు. లోపలికి పోనిచ్చారు. పుస్తకాలతో బయటికి వస్తున్నప్పుడు కాల్చారు. చేతులెత్తమని ఒక్క కేక కూడా వెయ్యలేదు. నేను రొప్పుతూ వీధి మలుపు తిరిగేసరికి ఒకతను మెట్లమీద దవడ లేకుండా పాకుతున్నాడు. గుర్రం ఒకటి బండితో సహా కూలి తన్నుకుంటోంది. లైమన్ రెండు చేతులా పెద్ద పుస్తకం పొదివి పట్టుకుని ఉన్నాడు, తుపాకీ తీయడానికి చెయ్యి ఖాళీ లేదు. పుస్తకంలోంచి, పొట్టలోంచి రెండు గుళ్ళు పోయాయి. తల ఒళ్ళో పెట్టుకున్నాను. నన్ను చూసి కోప్పడ్డాడు.

"ఊళ్ళోకి రావద్దన్నానా లేదా అక్కా?"

అదే ఆఖరి మాట. అమ్మా, నీ కొడుకు లేడు. నీకు నేనే రాస్తానని లుసిండాకు మాటిచ్చి నాలుగు వారాలు రాయలేకపోయాను.

మా పక్క పొలం ముసలాయన టోబయస్ వచ్చి శవాన్ని చూశాడు. ముప్పై ఏళ్ళకింద, ఇది ఇంకా రాష్ట్రం కాకముందు, బానిసత్వం ఇక్కడ అడుగుపెట్టకూడదని పోరాడిన మనిషి. మా మొనగాళ్ళతో అన్నాడు, "మనిషిని మనిషి అమ్మకూడదని మేం చంపాం, చచ్చాం. మీరు దేనికర్రా? ఈ కచేరీలో రెండు బల్లలకీ, ఒక బీరువాకీనా?"

పదకొండు తుపాకుల్లో జోతమ్‌ది ఒకటి. ఎవరి మీద గురి పెట్టావని నేను అడగలేదు. అడగను కూడా.

మొన్న లుసిండా వచ్చింది. "వదినా, మీవాళ్ళకి ముందే చెప్పినవాడు దొరికాడు" అంది. మాటెయ్ అని బొహీమియా దేశంనుంచి వచ్చిన చెప్పులవాడు, రెండు ఊళ్ళూ తిరిగి బూట్లు కుడతాడు. ఆ గడ్డిబండిమీద కప్పే గుడ్డ అతనే కుట్టాడట, అందుకని అతనికి ముందే తెలుసని అనుమానం. బెల్మార్ వాళ్ళు కమ్మరి దాగలిమీద అతని చేతులు పెట్టి సుత్తితో చితక్కొట్టారు. అయినా ఒప్పుకోలేదు. "శనివారం ఉరి తీస్తారు. నేను ముందు వరసలో నిలబడతా" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేను కాఫీ కలిపిచ్చాను.

చెప్పింది నేనే అమ్మా. లైమన్ వచ్చిపోయిన మర్నాడు, బుధవారం, అన్నం దగ్గర జోతమ్, "మీ తమ్ముడు కోళ్ళ దొంగ, వాడంటే కోళ్ళకి తప్ప ఎవరికీ భయం లేదు" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "ఎల్లుండి మధ్యాహ్నం వచ్చి మీ కచేరీ ఊడ్చుకుపోతాడు, అప్పుడు చూడు వాడి దమ్ము" అన్నాను. తమ్ముణ్ణి గొప్ప చెయ్యబోయి చంపుకున్నాను. జోతమ్ చెంచా కింద పెట్టి, కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. కాళ్ళు పట్టుకున్నా ఆగలేదు. గురువారమంతా నన్ను గడప దాటనివ్వలేదు. శుక్రవారం బెల్మార్ దారి కాసి లైమన్‌ని ఆపుదామనుకుంటే ఇంటి తలుపుకు బయట గడియ పెట్టాడు. కిటికీ పగలగొట్టుకుని పరిగెత్తాను.

రేపు పొద్దున బెల్మార్ వెళ్తున్నాను. లుసిండా ముందు నిలబడి చెప్తాను, తర్వాత ఆ కమ్మరి కొట్టు దగ్గర అందరికీ వినబడేలా చెప్తాను. జోతమ్ వద్దంటున్నాడు, వాళ్ళు ఆడదని కూడా చూడరు అంటున్నాడు. చూడకపోవచ్చు. మాటెయ్‌కి ఎక్కడో ఒక తల్లి ఉంటుంది. ఆమెకు ఇలాంటి ఉత్తరం నావల్ల పోకూడదు. ఈ సంగతి ఇంకొకరి నోట నువ్వు వినకూడదని వెళ్ళేముందు రాస్తున్నాను. జవాబు రాయబుద్ధి కాకపోతే రాయకు, పిల్లలకు మాత్రం రాయి.

ఇట్లు,
కూతురినని నువ్వింకా అనుకుంటే, నీ కూతురు
రొవీనా