స్టీలు గ్లాసులో తెల్ల వైన్

శనివారం రాత్రి, గోపన్‌పల్లి

ఈరోజు నా ఒక్కపొద్దు చెడింది. కొడుకు ఆఫీసు స్నేహితులు ఫ్రాన్సు, జర్మనీల తెల్ల వైన్లు తెచ్చి, ఏది బాగుందో రుచి చూస్తూ హాల్లో కూర్చున్నారు. కోడలు లావణ్యకూ పోశారు. ఎప్పుడూ వాళ్ళతో తాగే పిల్ల ఇప్పుడు వద్దంటే ఇట్టే కనిపెట్టేస్తారు. మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయట చెప్పొద్దని పట్టుబట్టింది నేనే. పోయినసారి అందరికీ చెప్పుకున్నాం, నిలవలేదు.

లావణ్య చాటుగా, పక్కనే కూర్చున్న నా స్టీలు గ్లాసులో వంపేసింది. లేచి పారబోస్తే దొరికిపోతామని కళ్ళు మూసుకుని తాగేశాను. రెండోది వంపుతుండగా ఒకమ్మాయి చూసింది.

"అరే, ఆంటీ గూడ తాగుతున్నరు! ఏది మంచిగుంది ఆంటీ?"

అందరూ నావైపే చూస్తుంటే అదీ మింగాను.

"ముందుది చింతపులుసు లెక్కుంది. గిది జర నయం."

"మా అమ్మ దేన్నైనా పులుసుతోనే కొలుస్తది," అని కొడుకు నవ్వి కప్పిపుచ్చాడు.

వచ్చే శనివారం ఇటలీవి తెస్తారట. నేనూ కూర్చోవాలట. వద్దంటే కారణం చెప్పాలి, చెప్పకపోతే తాగాలి. వేంకటేశ్వరస్వామీ, ఒక్కపొద్దు చెడిన పాపం నాకే పెట్టు, ఆ కడుపు జోలికి మాత్రం...