కర్రలా కనబడని కర్ర

చిట్టితల్లీ,

మీ మామయ్య కాలు తప్ప ఇక్కడ అందరూ మాట వింటూనే ఉన్నారు.

నువ్వు తయారుచేసి పంపిన గొడుగు అందింది. కర్ర పట్టుకుంటే నలుగురూ ముసలాడంటారని నేను మొండికేశాను. చేతికర్రల గురించి మీ ఆఫీసువాళ్లు అడిగిన పెద్దవాళ్లంతా అలాగే మొహం చిట్లించారట. అందుకే గొడుగులా కనబడే చేతికర్ర చేశావు. మెచ్చుకోక తప్పదు. బరువంతా మోపినా వంగదు, జారదు. మందుల షాపతను మాత్రం మండుటెండలో "ఏం మాస్టారూ, వానొస్తుందా?" అని పరాచికాలాడుతున్నాడు. నా కాలి సంగతి ఒక్కడూ పసిగట్టలేదు. నీ ఎత్తు బ్రహ్మాండంగా పారింది.

అయితే ఒక్క మాట. ఇదివరకు నేను గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే, కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మిషను ఆపి వచ్చేది. "మెల్లగా రండి బాబాయిగారూ" అంటూ చెయ్యి అందించేది. ఇప్పుడు మిషను ఆగడం లేదు. నిన్న తలెత్తి, "షికారుకా? హుషారుగా ఉన్నారే!" అని నవ్వి, మళ్లీ కుట్టులో పడింది. బస్సులో లేచి చోటిచ్చేవాళ్లూ లేరు. "గొడుగు అడ్డం తియ్యండి సార్" అంటాడు కండక్టరు.

మీ అత్తయ్య పోయాక నా చెయ్యి పట్టుకున్న మనిషి ఆ కింది వాటా ఆవిడొక్కతే. ఆ సంగతి గొడుగొచ్చాక గానీ నాకు తెలిసిరాలేదు.

తీరిక చూసుకుని ఇంకోటి చెయ్యి తల్లీ. ఈసారి ఎంత దూరం నుంచి చూసినా కర్రలాగే ఉండాలి. మరీ ఇంత గట్టిగా లేకపోయినా ఫరవాలేదు.

మీ మామయ్య