వెనక వరసలో చివరాయన

మార్చి 9, ఆదివారం. పొద్దుటినుంచి ముసురు. హాల్లో కుర్చీలన్నీ తుడిచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

అక్కా,

నిన్న ఒరటోరియో అనే ఆ పెద్ద బృందగానం జరిగింది. బావ ఎప్పటిలాగే ముందు నిలబడి, ఒక్కడే పాడాల్సినవి పాడాడు. బృందంలో ఒకాయన జ్వరంతో రాలేదు. వరస బోసిగా ఉంటుందని బృందాన్ని నడిపించే మాస్టారు నాకు నల్లకోటు తొడిగి వెనక చివర నిలబెట్టారు. ఊరికే నోరు తెరిచి మూయమన్నారు. అలాగే చేశాను.

శ్రోతలు రాసిచ్చిన అభిప్రాయాల చీటీలు ఇవాళ చదివాం. "వెనక చివరాయన గొంతులో ఎంత నిగ్రహం!" అని ఒకరు. "ఆయనతో పోలిస్తే ముందు నిలబడ్డాయన తేలిపోయాడు" అని ఇంకొకరు. సగానికి పైగా నా గురించే.

"నేను పాడనే లేదండీ" అన్నాను.

"ఇన్నేళ్లలో మీ బావకి చేతకానిది అదేనయ్యా!" అన్నారు మాస్టారు.

ఇకమీదట ముందు నేను నిలబడాలట. బావ నా వెనక దాక్కుని పాడాలట. పదహారేళ్లుగా తనదైన చోటు, బావ తట్టుకోలేడు. గురువారం ఇంటికొస్తాడు, నువ్వే మెల్లగా చెప్పు. నేను వద్దనే అన్నాను, గట్టిగా మాత్రం అనలేదు. ఆ చీటీలు మళ్లీ చదివాను. నిజంగానే బాగా చేశాననిపిస్తోంది.

పైస్థాయిలో బావ కాస్త గొంతు తగ్గించుకోవాలని కూడా చెప్పు. నాది వినబడటం లేదు.

నీ తమ్ముడు