ఎల్లిస్ చొక్కా వీపు

ఎల్లిస్ వాళ్ల అమ్మగారికి,

ఆంటీ, ఎల్లిస్ స్కూలు చొక్కా వీపు మీద "నువ్వు లేకపోయినా ఎవడికీ తెలీదురా" అని రాసిందెవరని అంత్యక్రియల రోజు మీరు అడిగారు. వాడి స్నేహితులం ముగ్గురం తల దించుకున్నాం. రాసింది నేనే.

స్కూలు చదువు ముగిసే ఆఖరి రోజున ఒకరి చొక్కా మీద ఒకరం రాసుకోవడం మామూలే. టీవీలో స్కూలు కుర్రాళ్ల కామెడీని మీ సోఫాలో ఇరుక్కుని నలుగురం చూసేవాళ్లం. మీరు టోస్టు మీద బీన్స్ వేసి ఇచ్చేవారు. అందులోవాళ్లలాగే మేమూ తిట్టుకునేవాళ్లం. పొరపాటున మంచి మాటన్నవాణ్ణి వారం రోజులు ఏడిపించేవాళ్లం. నా చొక్కా మీద ఎల్లిస్ "నీ మొహం చూస్తే పాలు విరుగుతాయి" అని రాశాడు.

వీపంతా నాకోసమే ఖాళీగా ఉంచాడు. రాస్తుంటే, "ఏం రాస్తున్నావురా సన్నాసీ?" అన్నాడు.

"ఇంటికెళ్లి చూసుకో" అన్నాను.

ఆ సాయంత్రమే వాడు ప్రాణం తీసుకున్నాడు.

క్షమించమని అడగను. ఒక్కటే చెప్పండి. మీరు వాణ్ణి చూసేసరికి ఆ చొక్కా వాడి ఒంటి మీదే ఉందా, విప్పి ఉందా? ఒంటి మీదే ఉంటే, వాడు చదివి ఉండడు.